ఉత్త చేతులతో వెళ్లాల్సింది

తన పెళ్లి ఊరేగింపుకి డీజే ఒక్కటే చాలని మా అమ్మాయి పట్టుబట్టింది. మా నాన్న పెళ్లి నుంచీ మా ఇంటి ఊరేగింపులన్నిటికీ క్లారినెట్ మీద సినిమా పాటలు వాయించిన అప్పలస్వామి గారికి, ఈసారి రావద్దని చెప్పడానికి ఈ ఉదయం నర్సీపట్నం నుంచి వాళ్ల ఊరు వెళ్లాను. పెద్దాయన దగ్గరకు ఉత్త చేతులతో ఏం వెళతామని ఆకు, వక్క, అరటిపళ్లు కొన్నాను. మేళం వాళ్ల చేతిలో ఆకు వక్క పెడితే పెళ్లికి మాట్లాడుకున్నట్టేనని అప్పుడు తట్టలేదు.

నేను నోరు తెరిచేలోగా ఆయన వాటిని అందుకుని కళ్లకద్దుకున్నాడు.

"డీజే కూడా వస్తోందండీ," అన్నాను.

"రానీ బాబూ. ఆడి పాటలూ వచ్చు నాకు. మనవరాలి ఫోన్లో ఇని నేర్సుకున్నాను."

"ఈ వయసులో ఊపిరి అందుతుందా?"

"అందకపోతే ఆపుతాను. మిగతాది జనం పాడుకుంటారు. యాభై ఏళ్లు ఇన్నారు, ఆళ్లకి రాదేటి?"

ఇంటికొచ్చి చెబితే అమ్మాయి గదిలోకి వెళ్లిపోయింది. ఎల్లుండే ఊరేగింపు. ఆ స్పీకర్ల మోతలో ఆయన పాట పక్కనే నడిచే నాకైనా వినబడుతుందో లేదో. ఎవరిని ముందు నడిపించాలో, ఎవరిని వెనక నడిపించాలో మీరే చెప్పండి.