హర్షెల్ గ్లాసులో టీ

ఆ పాట మీరు వినే ఉంటారు. వినకపోతే అదృష్టవంతులు. పోయిన వేసవంతా టెనెస్సీలో ఏ ట్రక్కు అద్దం దించినా అదే పాట. ‘మావిస్ బారులో మూడయిందంటే హర్షెల్ గ్లాసు ఎండదు, మా ఊళ్ళో ఎవడి గుండే మండదు’ అంటూ ఒక పాటగాడు గిటారు పట్టుకుని మూలుగుతాడు. ఆ మావిస్‌ని నేనే. ముప్ఫయ్యొక్కేళ్ళుగా ఈ బారు నాదే. ఎవడి గుండే మండదట! నాది మండుతూనే ఉంది.

హర్షెల్ ప్రూయిట్ గురించి చెబుతాను. పాటలోవాడి గురించి కాదు, నిజం మనిషి గురించి. ముప్ఫై ఎనిమిదేళ్ళు రంపపు మిల్లులో దుంగలు కోశాడు. ఎడమచేతి వేళ్ళు రెండు ఆ మిల్లుకే ఇచ్చేశాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఒకప్పుడు తాగేవాడు, అదీ అలాంటిలాంటి తాగుడు కాదు. భార్య నాడీన్‌ని పూడ్చే రోజు కూడా తాగాడు. సమాధుల దొడ్డి గేటు బయట తన ట్రక్కులోనే పడి నిద్రపోయాడు. లేచి చూసేసరికి మట్టి కప్పడం కూడా అయిపోయింది. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు చుక్క ముట్టలేదు.

మరి బారుకెందుకు వస్తాడంటారా? ఇంకెక్కడికి పోతాడు? ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటాడా? తెలిసిన మొహాలన్నీ ఇక్కడే ఉన్నాయి. కాకపోతే బారులో ఖాళీ చేతులతో కూర్చుంటే జనం ఊరుకోరు. “ఏం పెద్దాయనా, ఒంట్లో బాగాలేదా?” అని ఎవడో ఒకడు కదిలిస్తాడు. కదిలించిన ప్రతివాడికీ నాడీన్ కథ చెప్పుకోవాలా పాపం? అందుకని నేనే ఒక ఉపాయం పన్నాను. రోజూ పొద్దున్నే టీ కాచి, చల్లార్చి, ఖాళీ విస్కీ సీసాలో నింపి గల్లాపెట్టె పక్కన పెట్టేదాన్ని. రంగు అచ్చం అదే. హర్షెల్ గ్లాసు ఎప్పుడు నిండినా అందులోంచే. రోజూ వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఒక్కరూ నోరు జారలేదు.

నిరుడు చలికాలంలో బ్రెట్ వాడెల్ అనే పాటగాడు ఊళ్ళోకి ఊడిపడ్డాడు. ఆరు వారాలు మూల బల్ల దగ్గర కూర్చుని, మమ్మల్ని చూస్తూ, చేతులు తుడుచుకునే కాగితాల మీద ఏదో గిలికేవాడు. మర్యాద తెలిసినవాడే, కాదనను. అయితే ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. చూసిందే నిజమనుకున్నాడు. వసంతం వచ్చేసరికి పాట రేడియో ఎక్కింది.

ఇక చూడండి నా తిప్పలు. ఒహాయో నుంచి, టెక్సాస్ నుంచి కార్లు కట్టుకుని జనం దిగారు. తలుపు తోసుకుని రావడమే “హర్షెల్ ఎవరు? ఆయనే హర్షెలా?” అని కేక, వెంటనే ఆయన ముందు ఒక విస్కీ. కొనిపెట్టిన గ్లాసు కాదంటే మా వైపు చెంప మీద కొట్టినట్టే. పక్క స్టూలు లైల్, ప్లంబరు, వాళ్ళు అటు తిరగ్గానే గ్లాసు లాగేసి తను తాగేవాడు. నేను దాని స్థానంలో టీ పెట్టేదాన్ని.

“నీ పుణ్యమా అని నా లివరు పోయేట్టుంది హర్షెల్,” అనేవాడు లైల్.

“ఊరికే వస్తే నువ్వు ఫినాయిలైనా తాగుతావు గదా,” అనేవాడు హర్షెల్.

నవ్వుకునేవాళ్ళం గానీ, నాకు మాత్రం ఆ గ్లాసులు చూస్తే ఒళ్ళు మండిపోయేది. రోజుకు పది పన్నెండు గ్లాసులు ఆ మనిషి ముక్కు కిందికి తోస్తుంటే ఎన్నాళ్ళు నిలబడతాడు?

“కొన్నాళ్ళు రావడం మానెయ్యి,” అన్నాను ఒకరోజు.

“నా స్టూలు నేనెందుకు వదలాలి మావిస్? వచ్చినవాళ్ళు పోవాలి గానీ.”

“పోనీ, ఉన్న సంగతి చెప్పేద్దాం.”

“వద్దు. నాడీన్‌ని కూడా పాటలో పెడతారు.”

టీ సీసా తీసి ఆయన గ్లాసు నింపాను.

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం బ్రెట్ వచ్చాడు. వెంట కెమెరాలు, వెనక రెండు వందల మంది. పాట పుట్టిన చోట పాట పాడతాడట. నేను ఆ చివర బీర్లు అందిస్తూ ఊపిరాడక చస్తున్నాను. ఈ చివర వాడు ఎగిరి కౌంటరు లోపలికి దూకాడు. గల్లాపెట్టె పక్కనున్న సీసా అందుకున్నాడు. అక్కడ ఆ రోజు రెండు సీసాలున్నాయి, ఒకటి టీది, ఒకటి అసలు విస్కీది, రెండింటికీ ఒకటే చీటీ. టీ సీసా మీద ఒక గుర్తైనా పెట్టుకోవాలని పదకొండేళ్ళలో నాకు తట్టలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

“ఇదంతా మీ చలవే పెద్దాయనా! ఒక్క గుక్కలో కొట్టాలి!” అని బ్రెట్ గ్లాసు నింపాడు.

ఆ సీసా ఎక్కడి నుంచి తీశాడో హర్షెల్ చూశాడు. నేను పెట్టే చోటు నుంచే. ఇంక అనుమానం ఎందుకు? ఒక్క గుక్కలో వంచేశాడు. జనం ఈలలు వేశారు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం నాకు అంత దూరం నుంచీ కనబడింది. ఒక్క క్షణం గ్లాసులోకి చూశాడు. తర్వాత మెల్లగా గ్లాసు ముందుకు చాపాడు. బ్రెట్ మళ్ళీ నింపాడు.

“పొయ్యకురా!” అని అరిచాను. ఆ గోలలో ఎవడు వింటాడు? జనాన్ని తోసుకుని చేరేసరికి రెండోది కూడా అయిపోయింది. గ్లాసు లాక్కున్నాను.

“అది టీ కాదు మావిస్,” అన్నాడు హర్షెల్.

బ్రెట్‌కి ఉన్నదంతా మొహం మీద చెప్పేశాను. వాడు తెల్లబోయాడు.

“అయ్యో, నాకు తెలీదు మిస్ మావిస్! ఆరు వారాలు చూశాను, ఆయన గ్లాసు ఎప్పుడూ నిండే ఉంది...”

“చూశావు. ఒక్కసారైనా అడిగావా?”

“పాట మార్చమంటే మారుస్తాను. కానీ టీ అంటే ఎవరు పాడతారండీ?”

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. అదే నన్ను చంపింది.

“బారు మూసేస్తున్నా. అందరూ బయటికి నడవండి! ముందు నువ్వు నడు!” అన్నాను. లైల్ కెమెరావాళ్ళను భుజం పట్టుకుని సాగనంపాడు.

హర్షెల్‌ని నా కారెక్కించుకుని చర్చి నేలమాళిగకు తీసుకుపోయాను. తాగుడు మానినవాళ్ళు శనివారం సాయంత్రం ఆరింటికి అక్కడ కూడుతారు. మానిన ప్రతి ఏడాదికీ ఒక కంచు బిళ్ళ ఇస్తారు. పెద్దరికం ఓపల్ అనే ముసలామెది. జరిగింది విని ఆమె హర్షెల్ చెయ్యి పట్టుకుంది.

“తెలియక తాగింది లెక్కలోకి రాదు నాయనా. నీ పదకొండేళ్ళు నీవే.”

అమ్మయ్య అనుకున్నాను. హర్షెల్ తల అడ్డంగా ఊపాడు.

“మొదటిది తెలీకే తాగానమ్మా. రెండోదానికి గ్లాసు చాపింది నేనే. రుచి తెలిసే చాపాను.”

జేబులోంచి పదకొండో బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిరోజు వాళ్ళకిచ్చే తెల్ల బిళ్ళ తీసుకున్నాడు. కొత్తవాళ్ళందరిలాగే లేచి నిలబడ్డాడు.

“నా పేరు హర్షెల్. ఇవాళ మొదటి రోజు.”

అందరూ “రా హర్షెల్” అన్నారు. నేను మాత్రం కోపంతో వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.