ముహూర్తానికి ఆపేసిన సన్నాయి

ఈ రోజు సత్తెనపల్లిలో మా తమ్ముడి మనవరాలి పెళ్ళి. సన్నాయి వాయించడానికి కరీమా అనే అమ్మాయి వచ్చింది. నా పెళ్ళికి వాయించింది ఆమె తాతగారే. కరీమా కూడా ఎదురుకోళ్ళ దగ్గర్నుంచీ చక్కగా వాయించింది. తీరా తాళి కట్టే వేళకు ఆమెను ఆపి, స్పీకర్లో రికార్డు చేసిన గట్టిమేళం పెట్టారు.

"ఎందుకాపావురా?" అని తమ్ముణ్ణి అడిగాను.

"తాళి వేళ ఆడపిల్ల సన్నాయేంటని మగపెళ్ళివాళ్ళు అంటున్నారక్కా."

"మరి తాళి కట్టించుకునేది మగాడట్రా?"

వాడు వడ్డనలు చూడాలంటూ వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర కరీమాను, "మీ చెల్లెలు కూడా నేర్చుకుంటోందా?" అని అడిగాను.

"మాన్పించానమ్మా. కుట్టు మిషను కొనిచ్చాను," అంది.

మీ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు ఆమెను పిలవమని రాద్దామనుకున్నాను. మీరైనా తాళి కట్టేటప్పుడు వాయించనిస్తారా? నాకైతే నమ్మకం లేదు. కాదనేవాళ్ళుంటే చెప్పండి.