కుక్కపిల్లకి అమ్మ పోసిన నీళ్ళు

మధురవాడలో మా పక్క ఫ్లాటు వాళ్ళు బాల్కనీలో కుక్కపిల్లకి స్నానం చేయిస్తుంటే, తడిసిన బొచ్చూ సబ్బూ కలిసిన వాసన వచ్చింది. వెంటనే వన్ టౌన్‌లో మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నేను రెండో తరగతి. నాన్న తెచ్చిన కుక్కపిల్లకి ఒళ్ళంతా పేలు పట్టాయి. ఎప్పుడు చూసినా గోక్కుంటూ ఉండేది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అది మెట్ల కింద లేదు. పడుకునే గోనెసంచీ లేదు. నేల శుభ్రంగా కడిగేసి ఉంది. అమ్మ దాన్ని ఎక్కడో వదిలేసిందనుకున్నాను. పెరటి తలుపుకి బయట నుంచి గడియ పెట్టి ఉండడంతో అనుమానం ఇంకా పెరిగింది. కిటికీలోంచి చూస్తే, అమ్మ దాన్ని టబ్బులో ముంచుతోంది.

"ఏటి సేత్తన్నావమ్మా? సంపేత్తన్నావా?" అని ఏడ్చాను.

అమ్మ తలుపు తీసింది. "పేలు తీత్తన్నానే. ముందు మెడకి సబ్బు రాయాలి, లేపోతే మొహంలోకి ఎక్కిపోతాయి."

"నాన్న పౌడరు తెచ్చాడు కదా?"

"అది పెద్ద కుక్కలకంట. ఈ పసిది ఒళ్ళు నాక్కుందంటే సచ్చిపోద్దని డాక్టరు గారు సెప్పారు. సంచి మరిగే నీళ్ళలో ఏసాను."

అయినా నమ్మకం కుదరక పక్కనే కాపలా కూర్చున్నాను. అమ్మ పేల దువ్వెనతో దువ్వుతూ ఒక్కో పేనునీ సబ్బు నీళ్ళలో వేసింది. ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. నాకు దొరికిపోయినందుకే అనుకున్నాను.

పేలు మళ్ళీ పట్టకుండా ఆ తర్వాత ప్రతి ఆదివారం అమ్మే దానికి నీళ్ళు పోసి దువ్వేది. చిన్నప్పుడు అమ్మని కుక్క కరిచిందని, అప్పటి నుంచి కుక్కని ముట్టుకోవాలంటేనే ఆమెకి భయమని, నేను పెద్దయ్యాక పిన్ని చెప్పింది.