ముప్పై ఉతుకులు

నిన్న కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, పక్కన కడుతున్న భవనం ముందు లారీలోంచి గాజు నార చుట్టలు దింపుతున్నారు. ఆ పొడి వాసనకే నా మణికట్టు దురద పెట్టింది. సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు.

హైటెక్ సిటీలో నా మొదటి ఉద్యోగంలో ఆమె మా బాస్. కాకినాడ మనిషి. కొలిమి గొట్టాలకు చుట్టే, వేడిని ఆపే గాజు నార బట్టను మా కంపెనీ ఫ్యాక్టరీలకు అమ్మేది. దాన్ని ఇళ్లలోకి తేవాలని ఆమె పట్టుదల. పొద్దున సర్దిన అన్నం మధ్యాహ్నం దాకా వేడిగా ఉండే క్యారేజీ సంచి కుట్టించాలనుకున్నారు. నేను చేరిన రోజే ఆ బట్ట ముక్క నా మణికట్టుకు కట్టి, తన చేతికీ ఒకటి కట్టుకున్నారు. "సాయంత్రం దాకా తియ్యకండి. మన ఒంటికి పడనిది ఇంకొకరి వంటింట్లోకి పంపకూడదండి," అన్నారు.

బట్ట మీది పూత ఊడితే గాజు పోగులు బయటికొస్తాయి. అందుకే ముప్పైసార్లు ఉతికి చూడమని నాకు అప్పగించారు. పదిసార్లు ఉతికాను. బాగానే ఉంది. మర్నాడే డైరెక్టర్ల మీటింగు. అప్పటికల్లా పూర్తిచేస్తానని అందరి ముందూ గొప్పగా చెప్పి ఉన్నాను. రిపోర్టులో ముప్పై అని రాసేశాను. ఆమె నన్ను నమ్మి సంతకం పెట్టారు.

నల్లగండ్లలో కొన్ని ఇళ్లకు సంచులిచ్చి వాడి చూడమన్నాం. రెండు నెలలు తిరక్కుండా ఒకావిడ, రోజూ ఆ సంచి బడికి తీసుకెళ్లే కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకే వచ్చింది.

"ఏంది మేడమ్ గిది? నాలుగు దినాల సంది పాప చేతులు ఒకటే దురద. జర చూడుండ్రి!"

పాప వేళ్ల మధ్య ఎర్రగా దద్దుర్లు. మేడమ్ ఆ చేతులు పట్టుకుని చూశారు. తల్లిని క్షమించమని అడిగి, తనే ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. తిరిగొచ్చాక నా సీటు దగ్గర నిలబడ్డారు.

"ఎన్నిసార్లు ఉతికారండి?"

"ముప్పై, మేడమ్."

నా మొహంలోకి కాసేపు చూశారు. "సరేనండి," అని వెళ్లిపోయారు.

మీటింగులో డైరెక్టర్లు నిలదీస్తే, "సంతకం నాది. తప్పూ నాదే," అన్నారు. నేను లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు. ఇచ్చిన సంచులన్నీ వెనక్కి తెప్పించి, నెలలోపే ఆమె రాజీనామా చేశారు. వెళ్లే రోజు నాతో అన్న మాట ఒకటే: "ఈ బట్టను వదిలెయ్యకండి. పూత మారిస్తే పనికొస్తుంది."

పనికొచ్చింది. కొత్త పూతతో ఇవాళ అది ఇస్త్రీ బల్లల మీద పరిచే గుడ్డగా అమ్ముడవుతోంది. పేరు నాకొచ్చింది.

ప్రతి నమూనానూ ఇప్పుడు ముప్పైసార్లూ నేనే ఉతుకుతాను. అందరూ దాన్ని నా శ్రద్ధ అనుకుంటారు. నేను కాదనను. ఏటా ఉగాదికి మేడమ్ నుంచి మెసేజ్ వస్తుంది, "బాగున్నారా అండి" అని. "బాగున్నాను మేడమ్" అని జవాబిస్తాను. పదిసార్లే ఉతికానని టైపు చేస్తాను. చెరిపేస్తాను.