పాలేరు మాట లేని ప్రసంగం

మా బడి సోషల్ మాస్టారు పోయిన ఆదివారం పొద్దున బిట్రగుంట రైల్వే కాలనీలో కన్నుమూశారు. కబురు తెచ్చిన ప్యూను గుమ్మంలోనే నిలబడి, "పెద్ద మాస్టారు పోయినారు సార్" అని తల దించుకున్నాడు.

ఎనిమిదేళ్ళు ఆయన పక్క క్లాసులో పాఠాలు చెప్పినవాణ్ణి. బడికి రాకముందు ఆయన మిలిటరీలో గుమాస్తా. కొరియాలో యుద్ధం ఆగినాక ఖైదీలకు కాపలాగా మన సైన్యం వెళ్తే, ఆయనా వెళ్ళారు. ఉత్తర కొరియాకు తిరిగి పోనన్న ఒక ఖైదీ దుబాసీ చేత అడిగించాడట: "రేపు దేశం కలిస్తే మా నాయన పొలం నాకిస్తారా? అక్కడి సర్కారు దాన్ని మా పాలేరుకిచ్చేసింది. మరి వాడేం కావాలి?"

ఆ ప్రశ్న మాస్టారిని వదల్లేదు. దానికి జవాబు కోసం పదేళ్ళు పేపర్లు కత్తిరించి దాచి, ఒక పుస్తకం రాశారు. అందులో ఆయన లెక్క ఇది: కొరియాను చీల్చినప్పుడు కరెంటు, ఎరువుల ఫ్యాక్టరీలు ఉత్తరాన, వరిపొలాలు దక్షిణాన. ఉత్తరం కరెంటు ఆపేస్తే దక్షిణాన మిల్లులు ఆగిపోయాయి. తర్వాత ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. మళ్ళీ కలిపితే ఏ మిల్లు మూతపడుతుంది, ఏ కూలీ వీధిన పడతాడు?

"సరిహద్దు గీత చెరపడం ఎంతసేపు నాయనా? మర్నాడు ఏం తింటారో చెప్పాల" అనేవారు.

నా దస్తూరి బాగుంటుందని సాపుప్రతి నాచేత రాయించారు. టీ తాగుతూ చదివించుకుని, పెద్ద మాట వినపడితే కొట్టేయించేవారు.

అచ్చు వేయిస్తానని ఆ ప్రతిని నెల్లూరులో లెక్చరరుగా ఉన్న ఆయన చిన్ననాటి స్నేహితుడు పట్టుకుపోయాడు. ఏడాదికి ఆ స్నేహితుడి ఉపన్యాసమని పిలుపొస్తే ఇద్దరం వెళ్ళాం. మొదటి వాక్యానికే గుర్తుపట్టాను. అది నేను సాపు రాసిన వాక్యం. తర్వాతవీ అవే. మాస్టారి పేరు ఎక్కడా లేదు. చివర్లో పాలేరు సంగతి ఎత్తకుండా, దేశం కలిసిన ఏడాదికే అంతా సుభిక్షమని ముగించాడు. హాలంతా చప్పట్లు.

"లేచి చెప్పండి మాస్టారూ" అన్నాను.

"ఒకే కంచంలో తిన్నోళ్ళం" అన్నారు.

తిరుగు రైల్లో మాత్రం అన్నారు: "నా పేరు పోతే పోనీ నాయనా. ఆ పాలేరును కూడా తీసేసినాడే."

మళ్ళీ ఆయన కలం పట్టలేదు. పెద్ద మాటలు లేని వాక్యాన్ని నమ్మడం నేర్పింది ఆయనే. ఆ రోజు లేవకుండా కూర్చుండిపోయిందీ ఆయనే. ఆ కోపం నాకింకా తీరలేదు.

మాస్టారు పోయిన మూడోనాడు ఆ లెక్చరరు వచ్చాడు. మాస్టారి భార్య కుర్చీ వేయించింది.

"అన్నా, ఆయన కాయితాలు మీకాడ ఉన్నాయంట. ఇచ్చేయండి, ఇంట్లో ఉంటాయి."

"ఎక్కడో పెట్టినానమ్మా, చూస్తాను" అన్నాడు, నా వైపు చూడకుండా.

మాస్టారి ఫోటోకి వేయమని లెక్చరరు తెచ్చిన దండను ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రానికీ అరటాకు పొట్లం విప్పకుండానే అరుగు మీద ఉంది.