హత్సుఅరాషి ముర్రుపాలు

హిదకా తీరంలో గుర్రాలకు పురుడు పోసినవాళ్లలో నుమతా తోకిజిరోను మించినవాడు పుట్టలేదు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. ముప్పై ఒక్క ఏళ్లలో నాలుగు వందల పన్నెండు పిల్లలు అతని చేతుల మీదుగా నేలన పడ్డాయి. అడ్డం తిరిగిన పిల్లలను మోచేతి దాకా చెయ్యి పెట్టి సరిచేశాడు. ఒక మంచు తుఫానులో కుడిభుజం కీలు జారితే ఎడమచేత్తో లాగి తల్లినీ పిల్లనూ దక్కించాడు. పుట్టిన ప్రతి పిల్లనూ గంట తిరక్కుండా తల్లి పొదుగుకు చేర్చేవాడు. ఆ పని మీద ఉన్నంత గర్వం అతనికి ఇంకే పని మీదా లేదు.

అంతటివాడి కళ్లముందే అతని యజమాని కుబోదెరా గుర్రం హత్సుఅరాషికి వరసగా మూడు పిల్లలు చచ్చాయి.

మొదటి కాన్పు పిల్ల బతికింది. తరవాతివి మూడూ పుట్టినప్పుడు నిక్షేపంగానే ఉన్నాయి. మర్నాటికి కళ్లు పసుపు తిరిగి, ఎర్రటి మూత్రం పోసి, కాళ్లు కొట్టుకుంటూ చచ్చాయి. మూడోది చచ్చిన రోజు కుబోదెరా దుడ్డుకర్ర అందుకుని తల్లి మొహం మీద బాదాడు. దాని కనుబొమ పగిలి రక్తం గోడకు చిమ్మింది.

“రాక్షసి ముండా! కన్నవాటినే మింగుతావా?”

తోకిజిరో అడ్డం వెళ్లాడు. తరవాతి దెబ్బ అతని భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

“తప్పుకోరా! నీకూ పగులుద్ది.”

“పగిలింది అయ్యగారూ. ఇక కర్ర దించండి.”

“వచ్చే కాన్పు ఒక్కటే చూస్తా. అదీ చచ్చిందా, ఇది కసాయి బండెక్కుద్ది. పచ్చిమాంసం సోయా రసంలో ముంచుకు తింటా. నీకూ ఓ ముక్క పెడతాలే.”

ఆ వేసవిలో ఉరకవా ప్రయోగశాల నుంచి మినాగవా డాక్టరమ్మ వచ్చింది. గుర్రాల రక్తాన్ని రకాలుగా విడదీయడం ఆమె పని. హత్సుఅరాషి రక్తం మీద తేరిన నీటిలో, దాని పిల్లలకు తండ్రైన మగగుర్రం రక్తం ఒక చుక్క కలిపి గాజుపలక మీద చూపించింది. రక్తం విరిగిన పాలలా ముద్దలు కట్టింది.

“పిల్లకు తండ్రి రక్తం వచ్చింది తోకిజిరోగారూ. ఆ రక్తాన్ని చంపే యాంటీబాడీలు తల్లి ఒంట్లో ఉన్నాయి. కడుపులో ఉన్నంతకాలం అవి పిల్లను చేరవు. ముర్రుపాలతో చేరతాయి.”

“అంటే, పాలు తాగి చచ్చాయంటావా?”

“మొదటి రోజు పాలు తాగి.”

“ఆ పాలు పట్టింది నేను.”

తోకిజిరో బల్లమీది గాజుపలకలన్నీ ఒక్క తోపుతో నేలకు కొట్టాడు. ఒక పెంకు ఎగిరి ఆమె ముంజేయి కోసింది.

“అయిందా? నా చేతిలో ఇంకోటి మిగిలింది, అదీ పగలగొట్టండి,” అంది రక్తం తుడుచుకుంటూ. “తరవాత గుర్రాన్ని పట్టుకోండి. దీని రక్తంలో నాలుగైదు రకాల యాంటీబాడీలు కలిసి ఉన్నాయి. పిల్లలను చంపేది ఏదో విడిగా తియ్యాలి.”

చలికాలమంతా మూడు వారాలకోసారి మెడలోంచి రక్తం తీశారు. సూది చూస్తే చాలు హత్సుఅరాషి శివాలెత్తేది. పైపెదవికి తాడు మెలిపెట్టి పట్టుకున్న తోకిజిరో ఎడమచేతి వేళ్లు రెండు ఒకరోజు పటుక్కున కొరికేసింది. అతను తాడు వదల్లేదు. “సీసా నిండిందా డాక్టరమ్మా?” అని మాత్రం అడిగాడు. ఆమె ఆ రక్తం మీద తేరిన నీటిలో పదకొండు గుర్రాల రక్తకణాలు ఒకదాని తరవాత ఒకటి కలిపి, అవి పట్టుకున్న యాంటీబాడీలను వాటితోపాటే తీసేసింది. చివరకు తండ్రి రక్తంలోని ఒకే ఒక్క గుర్తును పట్టే నీరు మిగిలింది. ఆ ప్రయోగశాలలో అలా తేలిన మొదటి సీసా అదే. అందులో తోకిజిరో వేళ్లకూ భాగముంది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున హత్సుఅరాషికి ఆడపిల్ల పుట్టింది. బొడ్డు రక్తం ఆ నీటిలో వేస్తే ముద్ద కట్టింది. తోకిజిరో పిల్ల మూతికి చిక్కం కట్టి, వేరే గుర్రం ముర్రుపాలు సీసాతో పట్టాడు. మర్నాటి సాయంత్రం దాకా తల్లి పొదుగు దానికి విషమే. పొదుగు కోసం పిల్ల అరుస్తుంటే తల్లి అడ్డచెక్కలు విరగదన్నింది. రెండో తన్నుకు అతని పక్కటెముకలు రెండు విరిగాయి.

మధ్యాహ్నం కుబోదెరా వచ్చాడు.

“పొదుగు నిండి పాలు కారిపోతుంటే పిల్లకు చిక్కమా? నీకు మతి పోయిందా? నాలుగు వందల పిల్లలకు గంటలో పాలు పట్టినోడివి నువ్వే కదరా!”

“నేనే. మీ మూడిటిని చంపిందీ నేనే.”

కుబోదెరా కత్తి తీసి చిక్కం తాడు మీదికి వంగాడు. తోకిజిరో గడ్డి ఎత్తే పంగలకర్రతో అతని మణికట్టు మీద కొట్టాడు. ఇద్దరూ పేడలో పడి దొర్లారు. యజమాని బూటు విరిగిన ఎముకల మీద రెండుసార్లు దిగింది. తోకిజిరో నుదుటితో గుద్దిన గుద్దుకు యజమాని ముందుపళ్లు రాలాయి. చివరికి పంగలకర్ర మొనలు కుబోదెరా గొంతు మీద ఆగాయి.

“ముప్పై ఒక్క ఏళ్లు నా అన్నం తిన్నావు.”

“తిన్నా అయ్యగారూ. అందుకే ఇంకా గొంతులో దించలేదు.”

కుబోదెరా నోరు పట్టుకుని వెళ్లిపోయాడు. తోకిజిరో రక్తం ఉమ్ముకుంటూ, పంగలకర్రతో గుమ్మంలోనే కూచున్నాడు. మర్నాటి సాయంత్రం డాక్టరమ్మ తల్లి పాలలో పిల్ల రక్తం కలిపి చూసింది. ముద్ద కట్టలేదు. చిక్కం విప్పారు.

నాలుగో రోజు కుబోదెరా వాచిన మూతితో వచ్చి, పిల్ల కనురెప్ప దించి చూశాడు. పసుపు లేదు. అది మూత్రం పోసేదాకా నిలబడ్డాడు. తేటగా ఉంది.

“బతికింది.”

“బతికింది అయ్యగారూ.”

“నువ్వు మాత్రం ఇవాళే పో. నా గొంతు మీద పంగ పెట్టినోణ్ణి ఇంట్లో ఉంచుకుని నిద్రపోలేను. పిల్ల పాలు మరిచాక ఆ ముండని కూడా తోలుకుపో. కాన్పుకోసారి నీలాంటి పిచ్చోణ్ణి ఎక్కడ తేను? ఆ డాక్టరమ్మనే మేపమను.”

ఆకులు రాలే కాలంలో తోకిజిరో ప్రయోగశాల బండితో వచ్చాడు. పగ్గం వెయ్యబోతే హత్సుఅరాషి అతని మోకాలి మీద తన్నింది. కంచె అవతల బలిసిన పిల్ల తల్లిని పిలుస్తూ అటూ ఇటూ పరిగెత్తింది. అతను కుంటుతూ లేచి, మళ్లీ పగ్గం అందుకుని, తల్లిని బండిలోకి లాగాడు.

“తన్నవే, తన్ను,” అన్నాడు పళ్లు బిగించి. “దాన్ని నీ దగ్గర్నించి లాక్కున్నది రెండుసార్లూ నేనే.”