చెవుల్లేని కప్పు

మా ఇంట్లో టీవీ పక్కన ఒక అద్దాల షోకేసు ఉంది. అందులో మా మామ కబడ్డీ కప్పులు, మా ఆయన క్రికెట్ కప్పులు ఉంటాయి. మా ఆయనవన్నీ రన్నరప్ కప్పులే. ఎవరూ అడగరు కాబట్టి ఆ సంగతి ఆయన చెప్పడు. గెలిచింది వాళ్ళిద్దరైతే, వారం వారం వాటిని దించి దుమ్ము తుడిచేది మాత్రం మా అత్తమ్మ. నేను పెళ్ళై నిజామాబాద్ నుంచి బోధన్ పక్కనున్న ఈ ఊరికి వచ్చిన కొత్తలో, ఏ కప్పుకి చెవి వదులైందో, ఏది గట్టిగా పట్టుకుంటే మూత ఊడి చేతికొస్తుందో ముందు నేర్పించింది. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తర్వాత చెప్పింది.

ఇంటికి ఎవరొచ్చినా మామ గొంతు సవరించుకుని, షోకేసు వైపు ఒకసారి చూసి, కబడ్డీ ఫైనల్ మొదలుపెడతాడు. నేను వచ్చినప్పటి నుంచి ఆ ఫైనల్ నడుస్తూనే ఉంది. ఏటేటా అవతలి జట్టువాళ్ళు ఇంకాస్త ఎత్తు, ఇంకాస్త లావు అవుతున్నారు. అత్తమ్మ గుమ్మానికి ఆనుకుని అంతా వింటుంది. ఆ కథంటే ఆమెకూ ముచ్చటేమో అనుకునేదాన్ని. ఒకసారి కప్పులు తుడుస్తూ ఉన్నట్టుండి అంది.

"ఇండ్ల ఒక్క కప్పు నాది గూడ ఉంటే ఎంత మంచిగుండు పిల్లా. వచ్చినోళ్లకు నేను గూడ సెప్పుకుందును."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకంటే మా ఇంట్లో అసలైన చాంపియన్ ఆమే.

మా ఊళ్ళో జనవరి జెండా పండుగ రోజు, జెండా ఎగరేశాక ఆటల పోటీలు పెడతారు. ఆడవాళ్ళకు కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ లాంటివి ఉంటాయి. చెరకు కొట్టే రోజులు కాబట్టి ఆఖర్న చెరకు నమిలే పోటీ ఉంటుంది. అది ఆడా మగా అందరికీ ఒక్కటే. ఒకే పొడవున కోసిన గడలు తలా ఒకటి చేతికిస్తారు. పళ్ళతోనే తోలు తీయాలి, నమలాలి, పిప్పి ముందర కుప్ప పోయాలి. ముందుగా తినేసినంత మాత్రాన గెలిచినట్టు కాదు. జడ్జి ఆ పిప్పిని గుప్పిట పట్టి పిండుతాడు. ఒక్క చుక్క రసం కారినా ఔట్. మా అత్తమ్మ నమిలిన పిప్పి పిండితే చుక్క కాదు కదా, చెయ్యి చెమ్మ కూడా కాదు. ఆమెను ఓడించడానికి లారీలకు చెరకు ఎత్తే మొగోళ్ళు చాలామంది వచ్చారు, దవడలు పట్టుకుని పోయారు.

కానీ ఆ పోటీకి బహుమతి ఎప్పుడూ స్టీలు సామానే. కబడ్డీకి కప్పు, క్రికెట్‌కి కప్పు, చెరకు పోటీకి టిఫిన్ డబ్బా. మేము తినే పళ్ళాలు, కూర వండే గిన్నెలు చాలావరకు అత్తమ్మ గెలిచినవే. మామ, మా ఆయన రోజూ ఆమె గెలుపుల్లోనే అన్నం కలుపుకుంటారు. వాళ్ళ గెలుపుల్లో మాత్రం ఎవరికీ ఏమీ వడ్డించలేం. అయినా షోకేసులోకి ఎక్కేవి వాళ్ళవే. పప్పుగిన్నెను అద్దాల వెనక పెట్టి ఇది నా గెలుపని ఎవరికి చూపిస్తాం?

నాకూ మా ఆయనకూ బోధన్‌లో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. కంప్యూటర్ ముందు కూర్చునేది నేను, గిరాకీలతో మాట్లాడేది ఆయన. అక్కడ నాకు బాగా తెలిసొచ్చిందేమిటంటే, టోర్నమెంటుకు ముఖం కప్పే. ఆడేవాళ్ళ ఫొటోలు లేకపోయినా నడుస్తుంది, కప్పు మాత్రం ఫ్లెక్సీలో నిలువెత్తున ఉండాలి. నెట్‌లోంచి ఏ దేశానిదో మెరిసే కప్పు తీసి పెట్టమంటారు. తీరా ఇచ్చేది మోచెయ్యంత ప్లాస్టిక్‌ది. అయినా ఆడటానికి వచ్చే జట్లు ఫోన్ చేసి మొదట అడిగేది "కప్పు ఎంతెత్తుంటదన్నా?" అనే. కప్పు ఎత్తును బట్టి టోర్నమెంటు ఇజ్జత్. సిరికొండ వైపు ఒక ఊళ్ళో వాన పడి ఆట రద్దయినా, కప్పును ట్రాక్టర్ మీద ఊరేగించడం మాత్రం ఆపలేదట.

ఇలా ఉండగా బోధన్‌లో ఒక పళ్ళ డాక్టర్ కొత్తగా దవాఖాన తెరిచాడు. కుర్రాడు, మహా హుషారు. మా ఊరి చెరకు పోటీ సంగతి విని పరవశించిపోయాడు. ఈసారి ట్రోఫీ నేనిస్తానని కమిటీకి మాటిచ్చాడు. కమిటీ ప్రెసిడెంటు మా ఇంటి ముందు బండాపి మరీ చెప్పాడు.

"పెద్దమ్మా, గీసారి సెరుకు పోటీకి గూడ కప్పు వెడుతున్నం!"

ఆ రోజు అత్తమ్మ ముఖం చూడాలి. బండి మలుపు తిరగకముందే షోకేసు తెరిచి, మా ఆయన కప్పులను గోడకు నెట్టి, నడిమి అరలో జాగా చేసింది. ఆ జాగాలో ఉతికిన రుమాలు పరిచింది. సాయంత్రానికి వాడంతా తిరిగి, రాబోయే కప్పు ఎక్కడ పెడుతుందో చెప్పొచ్చింది. మర్నాటి నుంచి పొద్దున లేస్తే గడ నమలడమే. మామ పేపర్ చదువుకోలేక పెరట్లోకి పోయాడు.

పోటీ దగ్గర పడ్డాక ప్రెసిడెంటు ఫ్లెక్సీ కోసం ట్రోఫీ ఫొటో పంపాడు. నేను ఫోన్ అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. అది పన్ను. మోకాలెత్తు దవడ పన్ను. తెల్లటి ఫైబర్‌తో చేశారు, కింద రెండు వేర్లు, నెత్తిన బంగారు రంగు తొడుగు. దిమ్మె మీద విజేత అని చిన్నగా, దవాఖాన పేరు పెద్దగా రాసి ఉంది.

"అన్నా, డాక్టర్ సాబ్ బోర్డు ఫొటో పంపినవ్. కప్పుది పంపు" అన్నాను ఫోన్‌లో.

"గదే కప్పు చెల్లె. నిజామాబాద్‌ల ఆర్డరిచ్చి చేపిచ్చిండు. మంచిగ పెద్దగ వెట్టు. జనం కప్పును సూసే వస్తరు."

పెద్దగానే పెట్టాను. అత్తమ్మ బస్సులో పోతూ రోడ్డు పక్కన ఆ ఫ్లెక్సీ చూసింది. ఇంటికొచ్చి, "డాక్టరు పన్ను బొమ్మ గంత పెద్దగ వెట్టినవ్, కప్పు బొమ్మ యాది మరిసినవా?" అంది. నేను గటగటా చెంబెడు నీళ్ళు తాగి, దుకాణంలో పనుందని చెప్పి బయటపడ్డాను.

ప్రెసిడెంటు అన్నట్టే జనం ఆ కప్పును చూసే వచ్చారు. జెండా పండుగ రోజు మైదానం నిండిపోయింది. కాకపోతే వచ్చినవాళ్ళలో సగం మంది చెంపకు చెయ్యి ఆనించుకుని ఉన్నారు. ఫ్లెక్సీ చూసి పళ్ళ డాక్టర్ ఉచితంగా చూస్తాడనుకున్నారు. ఒక ముసలాయన ఊడిన పన్ను పొట్లం కట్టి తెచ్చుకున్నాడు. ఇంకొకావిడ నోరు తెరిచి ప్రెసిడెంటుకే చూపించింది. వేల్పూర్ నుంచి ఒక పసుపు రైతు, వాట్సాప్‌లో ఫొటో వస్తే చూసి, బుగ్గ బూరెలా వాచి, రెండు బస్సులు మారి వచ్చాడు. చెరకు నమిలే పోటీ అని చెబితే ఆయన ప్రెసిడెంటు వైపు చూసిన చూపు నేనింతవరకు మరిచిపోలేదు.

అత్తమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. బల్ల మీదున్న దాన్ని చూసి నన్ను మోచేత్తో పొడిచింది.

"గిదేందే? డాక్టరు సామానా?"

"గదే కప్పు అత్తమ్మా."

"గిది కప్పా? దీనికి సెవులేయి?"

కప్పంటే రెండు చెవులుండాలి, రెండు చేతులతో పట్టుకుని నెత్తి మీదికి ఎత్తాలి. ఇన్నేళ్ళు ఆమె తుడిచినవన్నీ అలాంటివే. చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. తిరగేసిన పీట అని ఒకరు, గోబిపువ్వు అని ఒకరు. పోటీకి పేరిచ్చిన మొగోళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. వాళ్ళలో ఒకడు అందరికీ వినపడేలా, "గా పన్ను సంకల వెట్టుకొని ఊర్లకెల్లి నడుసుడా? నాతోని గాదు" అన్నాడు. మా మామ పక్కకు తిరిగాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని అత్తమ్మకు తెలిసిపోయింది.

ఇంటికి పోదామంటుందనుకున్నాను. ఆమె కొంగు నడుముకు చుట్టి, పోయి చాప మీద కూర్చుంది.

మిగిలింది నలుగురే. జడ్జి ఎవరన్నదాని మీద ఎప్పటిలాగే తగువైంది. మా ఊరివాళ్ళెవరినీ నమ్మరు. చివరికి వేల్పూర్ రైతును నిలబెట్టారు. పొరుగూరివాడు, పైగా ఆ పూట చెరకన్నా, నమిలేవాళ్ళన్నా ఆయనకు సమానంగా కోపం. ఒక చేత్తో బుగ్గ పట్టుకుని, రెండో చేత్తో పిప్పి పిండాడు. ఒక లారీ డ్రైవర్ అత్తమ్మ కన్నా ముందే గడ అయిపోగొట్టి చేతులు పైకెత్తాడు గానీ, ఆయన పిప్పి పిండితే జడ్జి మణికట్టు దాకా రసం కారింది. అత్తమ్మది పిండాడు. మళ్ళీ పిండాడు. చెయ్యి తెరిచి జనానికి చూపించాడు. పొడిగా ఉంది. ఆ వాచిన బుగ్గతోనే, "గీమె నోట్ల మిషిన్ ఉన్నదా ఏంది?" అన్నాడు.

డాక్టర్ ఉబ్బితబ్బిబ్బై ట్రోఫీ అందించి, ఫొటోకు నవ్వమన్నాడు. ఆమె నవ్వలేదు, పళ్ళు మాత్రం చూపించింది. ఆయన వంగి చూసి, "అమ్మా, ఇవన్నీ మీ పళ్ళేనా?" అన్నాడు.

"మరెవరియి? నీయా?" అంది అత్తమ్మ.

ఇంటికొచ్చాక అది షోకేసులో పట్టలేదు. వేర్లు అడ్డమొస్తే పడుకోబెట్టి చూశాం, తొడుగు అద్దానికి తగిలింది. రుమాలు పరిచిన జాగా అలాగే ఉండిపోయింది. అత్తమ్మ ఆ రుమాలు తీసి మడిచి, మంచం మీద కూర్చుని కళ్ళొత్తుకుంది.

"నాకు అందరికి ఉన్నసొంటి కప్పు గావాలె పిల్లా. నవ్వేటందుకు గాదు."

మా ఆయన తల్లి బాధ చూడలేక, నిజామాబాద్ పోయి రెండు చెవులున్న పెద్ద కప్పు కొనుక్కొస్తానన్నాడు, పేరు కూడా చెక్కిస్తానన్నాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "కొన్నది గెలిసినట్టయితదారా? నీయి గూడ కొన్నయేనా?" అంది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నాకు డాక్టర్ మీద, ప్రెసిడెంటు మీద, భుజాలు కదిలించిన మామ మీద ఒకేసారి కోపమొచ్చింది. పన్నును ఎత్తి షోకేసు నెత్తి మీద, సరిగ్గా నడుమ పెట్టాను. దీన్ని ఎవరు దించినా నేను పుట్టింటికి పోతానని ఇంట్లో అందరికీ చెప్పాను. అత్తమ్మ దాన్ని కన్నెత్తి చూడలేదు. కింది కప్పులన్నీ తుడిచి, పైన దాన్ని వదిలేసేది. దాన్ని నేనే తుడిచాను.

ఊళ్ళో మాత్రం చిత్రంగా ఆ ఏడు క్రికెట్ కప్పు ఎవరు గెలిచారో ఎవరికీ గుర్తులేదు. మా దుకాణానికి వచ్చే గిరాకీలు "మీదేనా పన్ను పోటీ ఊరు?" అని అడగసాగారు. చెరకు పోటీ అన్న పేరే పోయింది. వచ్చే ఏడు మేమూ ఆడొచ్చా అని ఎక్కడెక్కడి నుంచో ప్రెసిడెంటుకు ఫోన్లు వస్తున్నాయట.

కొన్నాళ్ళకు ధర్పల్లి నుంచి మామ చెల్లెలు, ఆమె భర్త వచ్చారు. మామ కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు సవరించాడు. షోకేసు వైపు చూశాడు. వాళ్ళూ చూశారు, కానీ పైకి చూశారు.

"అన్నా, గదేంది?" అంది చెల్లెలు.

"గదా, ఏం లేదు. డాక్టరు ఇచ్చిండు. గప్పుడు మా కబడ్డీల ఏమైందంటే..."

"డాక్టరు ఎందుకిచ్చిండు? నీ పన్ను గిట్ల పీకిండా?" అన్నాడు ఆమె భర్త.

గుమ్మం దగ్గర నా పక్కన నిలబడిన అత్తమ్మ ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "పీకలే. గది నేను గెలిసిన" అంది.

ఇద్దరూ కుర్చీలు ఇటు తిప్పారు. ఆమె లోపలికి వచ్చి మామ ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి మొదలుపెట్టింది. ఫ్లెక్సీ, వాచిన బుగ్గలు, పారిపోయిన మొగోళ్ళు, వేల్పూర్ జడ్జి. నేను కళ్ళారా చూసిన పోటీ కన్నా అది చాలా పెద్ద పోటీ. చెల్లెలు నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. అందరూ నవ్వుతున్నారు, అత్తమ్మ అందరికన్నా గట్టిగా నవ్వుతోంది. మామ సందు దొరికినప్పుడల్లా, "మా ఫైనల్ల గూడ..." అన్నాడు.

"ఆగు బావా. పిప్పి పిండినంక ఏమైంది అక్కా?" అన్నాడు చెల్లెలి భర్త.

అత్తమ్మ జవాబు చెప్పబోయి, నన్ను చూసి ఆగింది.

"నువ్వెందుకే నిలవడ్డవ్? గీడ కూసో. చాయ మీ మామ వెడతడు."

మామ నా వైపు చూశాడు. నేను కూర్చున్నాను.